చిరిగిన పుస్తకాల రిజిస్టర్

పోయిన నెల ఇంటికి సున్నాలు వేయించాం. అటక మీదవన్నీ దించాల్సి వచ్చింది. ఇత్తడి గంగాళం, ఉయ్యాల గొలుసులు, పని చేయని మిక్సీలు రెండు, వాటి వెనకాల నా ట్రంకు పెట్టె. "అమ్మా, ఈసారైనా దీన్ని ఖాళీ చెయ్యి, తుప్పు పట్టిపోయింది" అంది మా అమ్మాయి. సరేనని వరండాలో పీట వేసుకుని కూర్చున్నాను. కాఫీ వేళ దాటినా పెట్టె సగం కూడా ఖాళీ కాలేదు.

ఏడు విజిట్ డైరీలు, మూలల్లో చెదలు తిన్న ఒక పొడుగు రిజిస్టరు, ఒక మెమో, దానికి నేను రాసిన జవాబు కార్బన్ కాపీ. అన్నిటికంటే అడుగున, గోనె గుడ్డలో చుట్టిన అట్టలేని పిల్లల కథల పుస్తకం ఒకటి.

2004 నుంచి 2011 దాకా నేను ఎమ్మార్పీని. మండల రిసోర్స్ పర్సన్ అన్నమాట. తర్వాత సీఆర్పీలు, అంటే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు, వచ్చాక మా పేరు ఎవరికీ గుర్తు లేదు. అంతకు ముందు పదహారేళ్లు సెకండరీ గ్రేడ్ టీచర్‌గా చేసి, ఆ తర్వాత సంచి భుజాన వేసుకుని బడులు తిరిగే పనిలో పడ్డాను. అప్పటి గుంటూరు జిల్లా అంటే 57 మండలాలు, పల్నాడు, బాపట్ల ఇంకా వేరు పడలేదు. నా మండలంలో నాకు అప్పగించినవి ముప్పై ఎనిమిది ప్రాథమిక పాఠశాలలు. పొద్దున ఏడింటికి బస్టాండులో పల్లెవెలుగు ఎక్కితే, దిగినచోట షేర్ ఆటో, అది దొరకకపోతే నడక. మండల విద్యాధికారి ఎంఈఓ గారికి సంతకం ఉంది, టీచర్లకి తరగతి ఉంది, మాకు సంచి ఉంది. అధికారం లేదు గానీ, మేం వస్తున్నామంటే బడిలో కాస్త హడావిడి ఉండేది. విజిట్ రిజిస్టర్‌లో ఏం రాసి పోతామో అని.

2005లో క్లిప్ వచ్చింది. చిల్డ్రన్స్ లాంగ్వేజ్ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రాం. ఆ మరుసటి ఏడు క్లాప్స్ అన్నారు. పేర్లు మారాయి గానీ పని ఒక్కటే. అయిదో తరగతికి వచ్చినా నాలుగు మాటలు కూడబలుక్కోలేని పిల్లల్ని చదివించాలి. ముందు బేస్‌లైన్ టెస్ట్ పెట్టి ఏ, బీ, సీ, డీ అని గ్రేడ్లు వేసుకోవాలి, తర్వాత నెలనెలా ఎంత కదిలారో రాయాలి.

మొదటి వారంలోనే నాకు తల తిరిగింది. రెండో తరగతి పిల్లాడు, జేబు ఊడిన యూనిఫాం చొక్కా, వాచకం తీసి పాఠమంతా గడగడా అప్పజెప్పాడు. ఎక్కడా తడబాటు లేదు. టీచరమ్మ నా వంక గర్వంగా చూసింది. నేనూ ఏ గ్రేడ్ వెయ్యబోయాను. వాడి వేలు చూస్తే మూడో లైను మీద ఉంది, నోరు మాత్రం ఆరో లైను దాటిపోయింది. పేజీ మధ్యలో ఒక మాట మీద నా పెన్ను పెట్టి ఇదేమిట్రా అన్నాను. వాడు కంగారుపడలేదు. పాఠం మొదటి నుంచి పెదాల్లో అందుకుని, వేలితో ఒక్కో మాటా దాటిస్తూ నా పెన్ను దాకా వచ్చి ఆగి, ఆ మాట చెప్పాడు. తప్పు కూడా చెప్పాడు, ఎందుకంటే మధ్యలో ఒక మాట ఎగిరిపోయింది.

సరే, అక్షరాల చార్టు దగ్గరికి తీసుకెళ్లి 'ళ' చూపించాను. మళ్లీ అదే. "య ర ల వ శ ష స హ... ళ!" వాడికి ళ తెలియదు, ళ ఎన్నో మెట్టు మీద ఉందో తెలుసు. మెట్లెక్కి వెళ్తేనే అందుతుంది.

ఆ రోజు నుంచి నేను చార్టు మీద అడగడం మానేసి, అక్షరాలు విడివిడిగా రాసిన అట్టముక్కలు సంచిలో వేసుకున్నాను. పెళ్లి శుభలేఖలు కత్తిరించి చేసినవి. పేకముక్కల్లా కలిపి ఒక్కోటీ తీయమనేదాన్ని. యాభై ఆరూ వరసగా చెప్పే పిల్లలు ముక్కలు కలిపేసరికి పదిహేను ఇరవై దగ్గర ఆగిపోయేవాళ్లు. 'మ'కి, 'య'కి తేడా పట్టడానికి ఒక్కొక్కరికి నెల పట్టేది. 'ప, ష, ఫ' మూడూ పక్కపక్కన పెడితే నాలుగో తరగతి పిల్లలు కూడా కళ్లు చికిలించేవాళ్లు. తండా బడుల్లో ఇంకో సంగతి. వాళ్ల ఇళ్లలో మాట తెలుగు కాదు. ఆ పిల్లలు అక్షరం కూడబలుక్కుని మాట పలికినా, ఆ మాటకి అర్థం ఏమిటో వాళ్ల కళ్లలో కనపడేది కాదు. వాళ్లకి సీ గ్రేడ్ ఇచ్చి పక్క కాలమ్‌కి వెళ్లిపోవడం చాలా తేలిక. నేనూ వెళ్లిపోయినదాన్నే.

ఇక్కడే ఒక మాట ఒప్పుకోవాలి. నవంబరు వచ్చేసరికి "ఇంకా డీ గ్రేడ్ ఏమిటి? ఏం చేస్తున్నట్టు?" అని పైనుంచి ఫోన్లు మొదలయ్యేవి. టీచర్లకి టెన్షన్, నాకు టెన్షన్. సాయంత్రం మండల రిసోర్స్ సెంటర్ ఎమ్మార్సీలో కూర్చుని కన్సాలిడేషన్ షీట్లు నింపేటప్పుడు, డీ కాలమ్‌లోని పిల్లలు సీలోకి, సీలోని వాళ్లు బీలోకి జరిగేవాళ్లు. ఒక్క అక్షరం కొత్తగా నేర్చుకోకుండా. ఆ జరపడంలో నా పెన్ను కూడా ఉంది. డైరీల్లో చూస్తే ఒక బడిలో అక్టోబరులో పదకొండు మంది డీ, డిసెంబరులో సున్నా. మధ్యలో ఆ బడికి టీచరే లేరు, ఆవిడ ప్రసూతి సెలవులో ఉన్నారు! ఇన్నేళ్ల తర్వాత చదువుతుంటే నాకే నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వాగిపోయింది.

అదే 2005లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పిల్లల చదువు మీద అసర్ అనే సర్వే మొదలుపెట్టారు. వాళ్లు బడికి కాదు, ఇంటికి వెళ్లి చదివిస్తారు. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పాటి చిన్న పేరా, రెండో తరగతి పాటి కథ, అంతే. ఆ సంగతి విన్నప్పుడు మా ఎమ్మార్సీలో చాలామందికి కోపం వచ్చింది, బయటివాళ్లు వచ్చి మన పిల్లల్ని పరీక్షించడమేమిటని. నాకు మాత్రం లోపల భయం వేసింది. మా షీట్లలో బీ ఉన్న పిల్లాడి ఇంటి గుమ్మంలో వాళ్లు కూర్చుంటే?

మిర్చి పండే ఊళ్లలో ఒకచోట ఏకోపాధ్యాయ పాఠశాల ఉండేది. అక్కడి మాస్టారు రిటైర్మెంటుకి దగ్గర పడినవారు, పంచె కట్టు. ఆయన తరగతిలో అక్షరాల చార్టే లేదు. పిల్లలు వర్ణమాల వరసగా చెప్పలేకపోయారు. నేను కొత్త జోరులో ఉన్నాను కదా, విజిట్ రిజిస్టర్‌లో గట్టిగానే రాశాను. "విద్యార్థులకు వర్ణమాల క్రమము రాదు. బోధనోపకరణములు లేవు." ఆయన చదివి, సంతకం పెట్టి, "మేడం, ఆటోకి ఇంకా టైముంది గదా, ఓసారి వీధిలోకి రండి" అన్నారు.

పిల్లలు ముందు, మేం వెనక. రామాలయం గోడ మీద దాతల పేర్లు, పురుగుమందుల కొట్టు బోర్డు, చౌక డిపో ముందు ధరల పట్టిక, కరెంటు స్తంభానికి కట్టిన ఎన్నికల గుడ్డ, ట్రాక్టరు వెనక రాతలు. మూడో తరగతి పిల్లలు కనపడినవన్నీ చదువుకుంటూ పోతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో గోడ పంచి ఇచ్చారట ఆయన. కల్లం దగ్గర మిర్చి టిక్కీల (బస్తాల) మీద రంగుతో రాసిన రైతు పేరు చూసి ఒక పిల్ల, "సార్, మా నాయన పేరులో దీర్ఘం ఎగరగొట్టారు" అంది. ఆ పిల్లకి వర్ణమాల వరసగా రాదు!

అపెప్, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, నడిచిన రోజుల్లో మాకు ఆరు సూత్రాలు నూరిపోశారు. చుట్టూ ఉన్న పరిసరాలని పాఠంలోకి తీసుకోవాలి అన్నది అందులో ఒకటి. పరీక్షకి రాసినట్టు శిక్షణలో వల్లించేవాళ్లం. ఆయన చేసి చూపిస్తుంటే నాకు గుర్తు పట్టడం రాలేదు. తిరిగొచ్చి రిజిస్టర్‌లో కింద ఇంకో రెండు లైన్లు రాశాను, పై లైన్లు కొట్టెయ్యడానికి వీల్లేదు కాబట్టి. ఆయన మళ్లీ సంతకం పెట్టి, నాకు మజ్జిగ తెప్పించారు.

చదివించడం సరే, చదవడానికి ఏం ఉంది? వాచకం తప్ప. ఏ బడికి వెళ్లినా నా మొదటి ప్రశ్న అదే. "లైబ్రరీ పుస్తకాలు ఉన్నాయా?" ఉన్నాయి మేడం. "ఎక్కడ?" బీరువాలో. "తాళం?" హెచ్చెం గారి దగ్గర. "ఆయన?" ఓటర్ల లిస్టు డ్యూటీలో ఉన్నారు. కొన్నిచోట్ల 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం కింద వచ్చిన సామాను ఇంకా పెట్టెలోనే ఉండేది. ఒక బడిలో తాళం పగలగొట్టించి తెరిస్తే పుస్తకాలు కొత్త కాయితం వాసనతో ఉన్నాయి. ఇరవై ఏళ్లు దగ్గర పడుతున్నా ఒక్క పేజీ మడత లేదు. ఆ హెచ్చెం మంచి మనిషే. "చిరిగితే ఆడిట్‌లో రికవరీ పెడతారు మేడం, నా జీతంలోంచి" అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు.

మా అమ్మమ్మది కొల్లూరు. చిన్నప్పుడు కాలువ మీద పడవలో పుస్తకాలు వచ్చేవని చెప్పేది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెట్టిన పడవ గ్రంథాలయం అది. కాలువ గట్టు ఊళ్లలోకి పుస్తకాల పెట్టెలు పడవ మీద వెళ్లేవి. "నీళ్లలో పడితే తడిసేవి కాదా అమ్మమ్మా?" అని అడిగేదాన్ని. "తడిస్తే ఎండేసేవాళ్లు" అనేది. ఆ బీరువా ముందు నిలబడినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

అలా పుట్టింది ఈ పొడుగు రిజిస్టరు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో చెప్పాను. ఇక నుంచి నేను ఎన్ని పుస్తకాలు ఉన్నాయో అడగను, ఎన్ని చిరిగాయో అడుగుతాను. ఏ పుస్తకం, ఎన్నో పేజీ, ఎవరి చేతిలో. చిరిగింది తెచ్చి ఇస్తే నా రిజిస్టర్‌లో నేను రాసుకుని సంతకం పెడతాను, రికవరీ వస్తే నా మీదికి రానీయండి. ఒకాయన "మేడంకి పుస్తకాలు చిరిగితే సంతోషమట" అని వెనక నుంచి అన్నారు. అందరూ నవ్వారు. మొదటి రెండు నెలలు ఒక్క పుస్తకమూ రాలేదు. మూడో నెలలో ఒక పిల్లాడు ఏడుస్తూ నిలబడ్డాడు, చేతిలో రెండు ముక్కలైన పుస్తకం. అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి చదవబోయి లాక్కున్నారట. ఎంట్రీ నంబరు ఒకటి. తారీకు చూశాను, 2006 సెప్టెంబరు.

ఆ తర్వాత వరసగా. "మేక నమిలింది." "చెల్లి ఉచ్చ పోసింది." "అన్నం తింటూ చదవగా చారు పడినది." "బొమ్మ నచ్చి కత్తిరించినాడు." టీచర్లు రాసిన మాటలు చదువుతుంటే మా అమ్మాయి కూడా సర్దడం మానేసి నా పక్కన కూర్చుంది. అతికించడానికి మైదా ఉడకబెట్టిన జిగురు చేసేవాళ్లం, అందులో కాస్త మైలుతుత్తం, లేకపోతే పురుగు పడుతుంది. అయిదో తరగతి ఆడపిల్లలు సూదీ దారంతో నడుం కుట్టేవాళ్లు.

మధ్యాహ్న భోజనం తర్వాత చదివించే గంట పెడితే సగం మంది నిద్రపోయేవాళ్లు. ప్రార్థన అవగానే ఇరవై నిమిషాలకి మార్చాం. ఆ ఇరవై నిమిషాలు టీచరు కూడా ఏదో ఒకటి చదవాలి, అది షరతు. ఒక సారు రోజూ పేపరు తెచ్చి మార్కెట్ ధరల పేజీ చదివేవారు. ఫిర్యాదు వచ్చింది. చదవనీయండి అన్నాను. ఆయన చుట్టూ చేరి "సార్, తేజ ఎంత? 334 ఎంత?" అని పిల్లలు మిర్చి రకాల రేట్లు చదవడం నేర్చుకున్నారు.

సర్వశిక్షా అభియాన్‌లో టీచర్‌కి ఏడాదికి 500 రూపాయల గ్రాంట్ ఉండేది, బోధనోపకరణాల కోసం. అందరూ థర్మాకోల్, చార్టులు, స్కెచ్ పెన్నులు కొనేవారు. 2007 జనవరిలో పద్నాలుగు మందిని కూడగట్టి విజయవాడ పుస్తక మహోత్సవానికి తీసుకెళ్లాను. అప్పుడు స్వరాజ్య మైదానంలో జరిగేది. ఇప్పుడు అక్కడ అంబేద్కర్ విగ్రహం లేచింది, పండగ వేరేచోటికి మారింది. దుమ్ములో రెండు మూడు గంటలు తిరిగి, స్టాల్ వాళ్లతో బేరాలాడి, ఇంకా తక్కువకి దొరుకుతాయని లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వాళ్ల దగ్గరికి వెళ్లాం. పాత చందమామలు కట్టలకి కట్టలు. వాటితో పాటు సోవియట్ కాలం నాటి పిల్లల పుస్తకాలు, ఆ నున్నటి కాయితం మీద రంగుల బొమ్మలు. ఒక సంచి అడుగు తెగి, బస్టాండులో పుస్తకాలు పరుచుకుపోయాయి. కండక్టరు కూడా వంగి ఏరి పెట్టాడు. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఎలా మొదలైందో, అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని కోసం ఎంత తిరిగారో బస్సులో చెప్పబోయాను. వినేవాళ్లు ఇద్దరే మిగిలారు, మిగతావాళ్లు మంగళగిరి రాకముందే నిద్రపోయారు.

ఇక మెమో. రిజిస్టర్‌లో 43వ ఎంట్రీ దాకా వచ్చాక ఎవరో చెప్పినట్టున్నారు. "మీ పరిధిలోని పాఠశాలలలో 43 పుస్తకములు పాడైనట్లు గమనించడమైనది. బాధ్యులపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా తెలియజేయవలెను." నేను జవాబు రాశాను. "పై పుస్తకములు పిల్లలు చదివినందున చిరిగినవి. చిరగని పుస్తకముల జాబితా కూడా జతపరచడమైనది. అవి 611. వాటికి బాధ్యులెవరో తెలియజేయ ప్రార్థన." మా ఆయన చూసి చివరి వాక్యం కొట్టేయించారు. "ఉద్యోగం నీకొక్కదానికే కాదు, ఇంట్లో నలుగురికీ" అన్నారు. కార్బన్ కాపీలో మాత్రం ఆ వాక్యం ఉంది, కొట్టివేత కింద నుంచి కనపడుతోంది. ఆ మెమో మీద ఎవరూ ఏమీ అడగలేదు. ఫైలు ఎక్కడో ఆగిపోయింది.

గోనె గుడ్డలోని పుస్తకం గురించి చెప్పాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా వైపు మిరపకాయల కోతలు. కర్నూలు వైపు నుంచి లారీల్లో కుటుంబాలకి కుటుంబాలు దిగుతాయి. చేల పక్కన టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటారు. పిల్లలు బడికి పోరు, పోయినా పేరు రాసుకోవడానికి టీసీ ఉండదు. 2008 ఫిబ్రవరిలో ఆ పంచె మాస్టారి బడిలోనే వరండాలో ఒక పిల్ల కూర్చుని ఉంది, పదేళ్లుంటాయి. లోపలికి రాదు, పొమ్మన్నా పోదు. ఏం కావాలమ్మా అంటే, "పుస్తకం ఇస్తారా మేడం, తిరిగి ఇచ్చేస్తా" అంది. చదవడం వచ్చా? "వస్తాది. మా ఊరి ఇస్కూల్లో నాలుగు సదువుతాండ."

మాస్టారు రిజిస్టర్‌లో పేరు రాయకుండానే ఇచ్చారు. రెండు వారాల తర్వాత వెళితే ఆయన నన్ను సాయంత్రం దాకా ఉండమన్నారు. కల్లం దగ్గర పదిమంది ఆడవాళ్లు కాయల కుప్ప చుట్టూ కూర్చుని తాలు కాయలు ఏరుతూ, ముచ్చికలు, అంటే తొడిమలు, తీస్తున్నారు. ఆ ఘాటుకి నేను చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆ పిల్ల కూడా ముచ్చికలు తీస్తూనే, ఎడమ మోకాలి మీద పుస్తకం తెరిచి పెట్టుకుని పెద్దగా చదువుతోంది. పేజీ తిప్పాలంటే చెయ్యి పావడాకి తుడుచుకుంటుంది, అయినా అంచున ఎర్రటి వేలిముద్ర పడుతుంది. కథ మధ్యలో ఆపితే ఒక ముసలామె "ఆపక సదువు, నీ కుప్ప నేను తీస్తాలే" అంది.

ఏప్రిల్‌లో లారీ ఎక్కి వెళ్లిపోయారు. పుస్తకం కూడా వెళ్లింది. మాస్టారు నొచ్చుకున్నారు. నేను రిజిస్టర్‌లో 58వ ఎంట్రీ రాశాను, "పోయినది", స్టాక్‌లోంచి కొట్టేయించాను.

మరుసటి ఏడు జనవరిలో కోతలకి వచ్చిన ముఠా మేస్త్రి బడి దగ్గర ఆగి, గోనె గుడ్డ మూట ఒకటి మాస్టారి చేతిలో పెట్టాడట. పిల్ల రాలేదు. వాళ్ల వైపు కస్తూర్బా బడిలో హాస్టల్లో చేర్చారని, మరిచిపోకుండా ఇచ్చి రమ్మందని చెప్పాడు. నేను దాన్ని మళ్లీ స్టాక్‌లోకి ఎక్కిద్దామని చూశాను. కొట్టేసిన పుస్తకం తిరిగొస్తే రాయడానికి ఏ రిజిస్టర్‌లోనూ కాలమ్ లేదు. గుమస్తా గారు "మేడం, లేనిపోని తలనొప్పి, మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు. ఉంచుకున్నాను.

మా అమ్మాయి గుడ్డ విప్పి పేజీలు తిప్పింది. ప్రతి పేజీ కింది మూల ముద్రలు, ఎరుపు పోయి ఇటుక రంగులోకి దిగాయి. ఇంకా ఘాటుందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను. తుమ్ము రాలేదు. పాత కాయితం వాసన, అంతే. "ఇది పడేసేదా, ఉంచేదా?" అంది. పెట్టె మాత్రం పాత ఇనుప సామాన్ల అబ్బాయికి ఇచ్చేశాం.